ఏటి రేవును కాచే ప్లాటూన్: కమాండర్ నిర్ణయాలు తీసుకోవలసిన వరుస

పదిమంది చొప్పున మూడు సెక్షన్లున్న ఒక ప్లాటూన్, కడపకు దగ్గరలోని సిద్ధవటం వద్ద పెన్నేటి రేవును రేపు తెల్లవారేదాకా శత్రువు వాడుకోకుండా ఆపాలన్నది ఆదేశమనుకుందాం. మట్లి రాజుల కోట ఉన్న ఈ ఒడ్డు ఎన్‌సీసీ క్యాడెట్లు ఇసుక నమూనా (ఇసుకతో నేల ఆకృతిని చిన్నగా మలచినది) మీద అభ్యాసం చేయడానికి చక్కగా సరిపోతుంది.

ముందుగా తేల్చుకోవలసినది, ఎవరిని దాటనివ్వకూడదు అన్న సంగతి. పెన్నేరు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకమేటలతోనే ఉంటుంది కనుక కాలినడకన వచ్చేవాడు ఎక్కడైనా దిగి దాటగలడు. బరువెక్కించిన లారీ, లాగుకొచ్చే ఫిరంగి మాత్రం ఇసుకలో కూరుకుపోతాయి కాబట్టి వాటికి గట్టు కోసి దారి చేసిన రేవో, కాజ్‌వేనో కావాలి. ఆదేశం వాహనాల గురించయితే రేవు మీద కాల్పులు పడేలా చూసుకుంటే పని సగం అయినట్టే. కాలిబంట్ల గురించి కూడా అయితే, ఎగువకూ దిగువకూ చాలా దూరం కాపలా పెట్టవలసి వస్తుంది. ఏరు నిండుగా పారుతున్నప్పుడు ఈ లెక్క మొత్తం మారుతుంది. ఈ తేడా తేల్చకుండా కందకం తవ్వకానికి పురమాయించే కమాండర్ జవాన్ల చెమటను వృథా చేస్తున్నాడని నా అభిప్రాయం.

తరువాత, తవ్వకం మొదలుపెట్టక ముందే, కమాండర్ అవతలి ఒడ్డుకు వెళ్లి నేల మీద బోర్లా పడుకొని తన స్థావరాన్ని శత్రువు కంటితో చూడాలి. కొత్తగా తవ్విపోసిన మట్టి ఎంత దూరం నుంచి కనిపిస్తుందో, అవతలి గట్టు ఎత్తుగా ఉంటే మన కందకంలోకి గుండు ఎలా పడుతుందో అక్కడినుంచే తెలుస్తుంది. ఏటిలో కలిసే వంకల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పటంలో సన్నని గీతలా ఉన్న వంకలో మనిషి నిటారుగా నడిచివచ్చినా ఒడ్డు మీదివాడికి కనిపించడు. అటువంటి ప్రతి వంక మీదా ఒక తుపాకీ చూపు ఉండాలి. అది కుదరనిచోట సర్కారు తుమ్మ కంప నరికి అడ్డం వేసి, అది కదిలితే వినిపించేంత దగ్గరలో ఒక సెంట్రీని ఉంచాలి.

లైట్ మెషిన్ గన్‌ను రేవుకు ఎదురుగా పెట్టాలని ఎవరికైనా ముందు తోస్తుంది. దానికన్నా పక్కకు జరిపి, ఏటి పొడవునా కాల్చేలా అమర్చితే, దాటేవారంతా ఒకే వరుసలో గురికి చిక్కుతారు, అవతలి ఒడ్డు నుంచి గన్‌ను కనిపెట్టడమూ కష్టమవుతుంది. చీకట్లోనూ అదే గురిన కాల్చగలిగేలా, చీకటి పడకముందే దాని గురిని మేకులు పాతి స్థిరపరచుకోవాలి.

రెండు సెక్షన్లు రేవును కాస్తుంటే మూడోదాన్ని వెనక అదనపు బలంగా ఉంచాలి. ఎందుకో చరిత్రే చెబుతుంది. 1565లో విజయనగర సైన్యం కృష్ణానది రేవును కాస్తుంటే, దక్కను సుల్తానుల సేనలు వేరే దారి వెదుకుతున్నట్టు ఒడ్డు వెంబడి కదిలాయి. కాపలాదారులు వారికి సమాంతరంగా కదిలిపోగానే, ఆ సేనలు గిర్రున వెనుదిరిగి ఖాళీ అయిన రేవును దాటాయి. కనుక ఎగువన అలికిడి వినిపించగానే ప్లాటూన్ అంతా అటు పరుగెత్తకూడదు. చూసి రావడానికి ఇద్దరిని పంపితే చాలు. మరో మార్గం కూడా ఉంది: 1520లో రాయచూరు వద్ద, కృష్ణ దాటి వచ్చిన ఆదిల్‌షాహీ సైన్యాన్ని శ్రీకృష్ణదేవరాయలు నది వైపే వెనక్కు తరిమాడు. దాటుతున్నవారిని ఏటి నడుమ కొట్టాలా, వెనక నీళ్లున్నప్పుడు కొట్టాలా అన్నది ముందే నిర్ణయించుకోవాలి; అయితే ముప్పైమందితో రెండోది సాహసమే.

చేతిలో ఆరు గంటలుంటే కమాండర్ తన ఆలోచనకు రెండు గంటలకు మించి వాడుకోకూడదు, మిగిలిన నాలుగూ సెక్షన్ కమాండర్లవి. ఎవరు ముందు కాల్చాలి, శత్రువు ఎక్కడికి వచ్చాక కాల్చాలి, వైర్‌లెస్ మూగబోతే ఎవరు ఎవరి అనుమతి లేకుండా కదలవచ్చు అన్నవి వెలుతురుండగానే, రేవు ఎదుటే నిలబడి చెప్పాలి. గొర్రెల కాపరులను, రైతులను గౌరవంగా, వారి క్షేమం కోసమే దూరం పంపాలి. కందకాల మధ్యనుంచి నడిచిపోనిస్తే వారు చూసినది శత్రువు చెవికీ చేరవచ్చు.

అభ్యాసం ముగిశాక అదే ఇసుక నమూనాను మరో క్యాడెట్ల జట్టుకు శత్రువు పాత్రలో అప్పగించి, ఏటికి అవతలి వైపునుంచి కాకుండా మన వీపు వైపునుంచి రమ్మనండి.