అవయవదానం గురించి ఇంట్లో మాట ఎలా ఎత్తాలి?

అవయవదానాలు చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని కార్డు పర్సులో పెట్టుకుంటే పని అయిపోయిందని మన వైజాగ్‌లో చాలామంది అనుకుంటారు. కానీ ఆ పరిస్థితే వస్తే డాక్టర్లు మీ ఇంట్లోవాళ్లను అడుగుతారు, వాళ్లు వద్దంటే కార్డు ఉన్నా అంతే. అందుకే ముందు ఇంట్లో మాట్లాడాలి.

మొదట మీరు తెలుసుకోండి. కోమా వేరు, బ్రెయిన్ డెత్ (మెదడు పూర్తిగా, శాశ్వతంగా ఆగిపోవడం) వేరు. కోమాలో ఉన్న మనిషి కోలుకోవచ్చు, బ్రెయిన్ డెత్ అయితే వెంటిలేటర్ మీద గుండె కొట్టుకుంటున్నా మనిషి పోయినట్టే. నలుగురు డాక్టర్లు కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాకే నిర్ధారిస్తారు, అవయవాలు మార్చే డాక్టర్లు వాళ్లలో ఉండకూడదు.

తర్వాత సమయం చూసుకోండి. ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు అస్సలు వద్దు. "నాకేమైనా అయితే" అని మొదలుపెడితే అమ్మ "అవేం మాటలురా" అని లేచిపోతుంది, కాబట్టి గ్రీన్ ఛానల్ పెట్టి, అంటే దారిలో ట్రాఫిక్ ఆపి, గుండెను ఎయిర్‌పోర్టుకు తరలించిన వార్త పేపర్లో వచ్చిన రోజున "మనమైతే ఏం చేసేవాళ్లం నాన్నా?" అని అడిగి, చెప్పింది పూర్తిగా వినండి.

భయాలు బయటకొస్తాయి, తీసిపారేయకండి. వచ్చే జన్మలో కళ్లుండవని నాయనమ్మ అంటే వాదించకండి, ఎముకలిచ్చిన దధీచి, ఒళ్లు కోసిచ్చిన శిబి ఆవిడకు మనకంటే బాగా తెలుసు. దేహాన్ని కుట్లు వేసి అప్పగిస్తారని, అంత్యక్రియలు మామూలుగానే చేసుకోవచ్చని చెప్పండి.

"కిడ్నీలు అమ్ముకుంటారు" అనే భయం మాత్రం ఊరికే పుట్టలేదు. 2023లో పెందుర్తి కిడ్నీ కేసు మన పక్కనే జరిగింది. అక్కడ డబ్బు ఆశ చూపి కిడ్నీ తీసింది బతికున్న మనిషి నుంచి. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం అవయవాల అమ్మకం, కొనుగోలు రెండూ నేరాలే. బ్రెయిన్ డెత్ అయినవాళ్ల అవయవాలు జీవన్‌దాన్ వెయిటింగ్ లిస్టు ప్రకారం వెళ్తాయి. అయినా ఆపరేషన్ ఖర్చు పేదవాడికి అందుతుందా అని నాన్న అడిగితే అది న్యాయమైన ప్రశ్నే, దాచకుండా ఒప్పుకోండి. ఇంకోటి, మన దేశంలో బతికుండగా ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ కావాల్సి వచ్చినప్పుడు చూపులన్నీ కోడలి మీదకో అమ్మ మీదకో వెళ్తుంటే, ఆమెను పక్కకు పిలిచి ఒంటరిగా అడగండి, వద్దనే హక్కు ఆమెకుంది.

అందరూ సరేనన్నాక జీవన్‌దాన్‌లోనో, ఆధార్‌తో కేంద్ర ప్రభుత్వ అవయవదాన సంస్థ నోటో (NOTTO) వెబ్‌సైట్‌లోనో నమోదు చేసుకోండి, 18 ఏళ్లు నిండితే చాలు. రేపు సంతకం పెట్టాల్సింది ఎవరో వాళ్లకు కార్డు చూపించండి.

కళ్ల సంగతి ఇంకా తేలిక. ఇంట్లో పోయినా ఇవ్వొచ్చు, అద్దాలున్నా షుగరున్నా ఇబ్బంది లేదు, కాకపోతే 6 గంటల్లోపు తీయాలి. రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపేసి వెంటనే ఐ బ్యాంకుకు ఫోన్ చేయాలి. ఆ నంబరు ఇప్పుడే ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేయించండి.