మంట లేకుండా రెండు సీసం ముక్కలు అతికించడం ఎలా?

కోల్డ్ వెల్డింగ్ అనగానే చాలామందికి అంగట్లో దొరికే రెండు ట్యూబుల మందు గుర్తొస్తుంది. దాని మీద ఏ పేరున్నా అది జిగురే. అసలు కోల్డ్ వెల్డింగ్‌లో వేడీ ఉండదు, మధ్యలో మరో పదార్థమూ ఉండదు. లోహం లోహాన్నే పట్టుకుంటుంది. ఒంగోలు చుట్టుపక్కల సైన్స్ ఫెయిర్లలో పిల్లలు దీన్ని చేయబోయి, "అతుక్కోలేదు సార్" అని దిగాలుగా నిలబడటం ఏటా చూస్తున్నాను. తప్పు వాళ్లది కాదు. అసలు కిటుకు వాళ్లకెవరూ చెప్పలేదు.

బొటనవేలంత లావున్న సీసం ముక్కలు రెండు, కొత్త కట్టర్ బ్లేడు, కాస్త స్పిరిట్, తీగ, చేతి తొడుగులు చాలు. కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో వల అంచుకు కట్టే సీసం గుండ్లు భేషుగ్గా పనికొస్తాయి. పాత బ్యాటరీ మాత్రం పగలగొట్టొద్దు. అందులో యాసిడ్ ఉంటుంది.

సీసం విషం. పాత పేపరు పరిచి దాని మీదే చెక్కండి, పొట్టు ఎగరనివ్వకండి, పనయ్యాక సబ్బుతో చేతులు కడగండి. బ్లేడు పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

ముందుగా ఒక్కో ముక్క వెనక వైపు బెజ్జం వేసి తీగ కొక్కెం పెట్టండి. అతికించాక బెజ్జం వేయబోతే అతుకు ఊడుతుంది.

ఇక అసలు సంగతి. లోహంలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువు సొత్తూ కావు. ఉమ్మడి కుటుంబంలో పొలంలాగా అందరివీ. రెండు శుభ్రమైన సీసం ముఖాలు పరమాణువులంత దగ్గరికొస్తే రెండు కుటుంబాలూ ఒకటైపోతాయి. అడ్డుపడేది గాలి తగిలి పైన పట్టే ఆక్సైడ్ పొర, దుమ్ము, జిడ్డు. సీసం మీద కనిపించే బూడిదరంగు మకిలి ఆ పొరే. మన సముద్రపు తేమ గాలికి అది ఇంకా తొందరగా పడుతుంది.

అందుకే గీకొద్దు, కొయ్యండి. గరుకు కాగితంతో రుద్దితే ముఖం మెరుస్తుంది గానీ ఇసుక రేణువులు మెత్తని సీసంలో దిగబడిపోతాయి. కొత్త బ్లేడుకూ తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, స్పిరిట్‌తో తుడిచాకే వాడండి. పలచటి పొరలుగా చెక్కుతూ, చివరి కోత మాత్రం ఒకే ఊపులో, ఆగకుండా లాగండి. ముఖం అద్దంలా రావాలి. రెండో ముక్కనూ వెంటనే అలాగే కోయండి.

కోసిన ముఖాన్ని ముట్టుకోవద్దు, నోటితో ఊదొద్దు, గుడ్డతో తుడవొద్దు. "ఎంత బాగా వచ్చిందో" అని వేలు పెట్టి చూస్తే మళ్లీ కోత మొదటికొచ్చినట్టే. రెండో కోతకూ అతికించడానికీ మధ్య అయిదు సెకన్లు దాటకూడదు, నా లెక్క అది.

వెంటనే రెండు ముఖాలూ ఆనించి, బలమంతా పెట్టి నొక్కుతూ కాస్త మెలిపెట్టండి. వట్టి నొక్కుడు చాలదు. మెలిపెడితేనే మిట్టలు అణిగి, మిగిలిన పొర చిరిగి, లోపలి కొత్త సీసం బయటికొచ్చి కలుస్తుంది. 1724లో డెసాగులియర్స్ అనే శాస్త్రవేత్త లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి చూపించిందీ ఇదే: తాజా కోత, నొక్కుడు, మెలిక. బెంచి వైస్‌లో బిగించేవాళ్లున్నారు. నాకది నచ్చదు, అందులో మెలిక కుదరదు.

అంతరిక్షంలో గాలి లేదు గనక ఒకసారి చిరిగిన పొర మళ్లీ పట్టదు. 1991లో గెలీలియో వ్యోమనౌక పెద్ద యాంటెన్నా పూర్తిగా విచ్చుకోకపోవడానికి, కందెన అరిగిపోయిన పిన్నులు ఇలా పట్టేయడమే కారణమని ఇంజనీర్లు భావించారు.

ఇప్పుడు పై కొక్కేన్ని మేకుకు తగిలించి, కింద కిలో ఉప్పు ప్యాకెట్ వేలాడదీయండి. కాళ్లు కింద పెట్టొద్దు. ఊడిపోతే ముఖాలు చూడండి. గరుకుగా చిరిగిన మేర అతుక్కుంది, నున్నగా ఉన్న మేర ఆననే లేదు. నున్నటి భాగం ఒక పక్కకే ఉంటే కోత వాలుగా పడింది, మళ్లీ చదునుగా కోయండి. ముఖమంతా నున్నగా ఉంటే ఆలస్యమైనా అయ్యుండాలి, వేలైనా తగిలుండాలి.