కెప్‌లో పీతలు తినాలంటే బుట్ట దగ్గరికే వెళ్లండి

కాంబోడియా సముద్రతీరంలోని కెప్‌లో బస్సు దిగి టుక్‌టుక్ అతనికి చేతులతో పీత ఆకారం చూపిస్తే, సముద్రంలో నిలబెట్టిన పెద్ద పీత బొమ్మ దగ్గర దింపేశాడు. ఫొటోకి బాగుంది, ఆకలికి పనికిరాలేదు. అందుకే ముందు ఈ రెండు ముక్కలు నేర్చుకోండి: 'ఫ్సార్ క్డామ్'. అక్కడి ఖ్మేర్ భాషలో ఫ్సార్ అంటే బజారు, క్డామ్ అంటే పీత.

నేను రాజధాని నామ్‌పెన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో శుక్రవారం సాయంత్రమే బయల్దేరి, రాత్రి కెప్‌లో పడుకుని, పొద్దున్నే బజారుకి పోయేదాన్ని. మధ్యాహ్నం దాటాక వెళ్తే మంచివి ఎవరో ఏరుకుపోయి ఉంటారు.

పీతల్ని బుట్టల్లో పెట్టి ఒడ్డు దగ్గర నీళ్లలోనే ఉంచుతారు. బేరం వస్తే ఆడవాళ్లు నీళ్లలోకి దిగి బుట్ట లాక్కొస్తారు. మొహమాటపడకుండా మీరే ఏరుకోండి. నీలం రంగువి మగవి, మట్టిరంగువి ఆడవి. అనుమానముంటే తిప్పి చూడండి: పొట్ట కింది రేకు సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. గుడ్ల ముద్ద బయటికి వేలాడుతుంటే తిరిగి బుట్టలో వేసేయండి, అవి పిల్లలు పెట్టాల్సినవి. కాళ్లు చురుగ్గా ఆడించాలి. ఒకే సైజువి రెండు చేతుల్లోకి తీసుకుని, బరువుగా తోచినదే ఉంచుకోండి. పైడిప్ప నొక్కితే మెత్తగా ఉందంటే పెంకు కొత్తగా మార్చుకుందన్నమాట, లోపల కండ కంటే నీళ్లే ఎక్కువ.

తూకం వేసే ముందు నీళ్లు ఓడ్చమనండి. మొదటిసారి నేను సంచిలో నీళ్లకి కూడా డబ్బులిచ్చాను!

కొన్న పీతల్ని అక్కడే వండించుకోవచ్చు. వండినందుకు కూలి వేరు, పొయ్యి ఎక్కించకముందే మాట్లాడుకోండి. అక్కడి డబ్బు రియల్ అయినా, డాలర్ అయినా చెల్లుతుంది, డాలరుకి సుమారు 4000 రియల్. అంచు చిరిగిన డాలరు నోటు మాత్రం ఎవరూ ముట్టుకోరు.

నా పద్ధతి: సగం ఉడికించమంటాను, సగం పచ్చిమిరియాలతో వేయించమంటాను. పక్క జిల్లా కాంపోట్ మిరియాలకి పెట్టింది పేరు. కాంబోడియాలో 2010లో, యూరోపియన్ యూనియన్‌లో 2016లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎండు మిరియాలు ఎక్కడైనా దొరుకుతాయి గానీ, తీగ నుంచి కోసిన పచ్చి గుత్తులు నాలుగు రోజులకే నల్లబడతాయి, అందుకే ఈ కూర ఇక్కడే తినాలి. గుత్తిని గుత్తిగానే బాణలిలో వేస్తారు. కరివేపాకులా ఏరి పక్కన పెట్టకండి, నమలండి. పంటి కింద చిట్లి, ముందు పచ్చివాసన, ఆ వెనక ఘాటు. ఉడికించిన పీతకి ఉప్పు, మిరియాల పొడి, నిమ్మరసం కలిపిన తెక్ మ్రెచ్ చాలు. పక్కన 'బాయ్' అడిగితే అన్నం పెడతారు.

బొగ్గుల మీద పుల్లలకి గుచ్చి కాల్చే స్క్విడ్ ఉంటుంది, పీతలు ఉడికేలోపు ఒకటి లాగించవచ్చు.

ఏరుకునే ఓపిక లేనివాళ్లకి పక్కనే నీళ్ల మీదికి కట్టిన చెక్క హోటళ్లున్నాయి. కిమ్లీ పేరు అందరూ చెబుతారు. బజారు కంటే ఖర్చెక్కువే గానీ, సూర్యాస్తమయం ఎదురుగా కనిపిస్తుంది. నేను అమ్మని తీసుకెళ్లినప్పుడు అక్కడే కూర్చున్నాం, ఆవిడ సూర్యుణ్ణి చూడనేలేదు, పీత గోళ్లు పగలగొట్టే పనిలో ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ఉప్పులో ఊరేసిన పచ్చిమిరియాల సీసా ఒకటి కొనుక్కోండి. పప్పన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది.