పాత జీపుతో సెలవులకి బయల్దేరే ముందు
కనీసం రెండు వారాల ముందే పని మొదలుపెట్టండి, పాత బండికి పార్టులు అంత తేలిగ్గా దొరకవు. నేనైతే ముందు రబ్బరు చూస్తాను. ఇంజన్ చల్లారాక రేడియేటర్ పైపుని వేళ్లతో నొక్కండి. మెత్తబడినా, క్లిప్పు దగ్గర ఉబ్బినా, సన్నటి పగుళ్లు కనిపించినా మార్చేయాల్సిందే. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. పదేళ్లు దాటిన టైరుని, పైన గాడులు అరగకుండా ఎంత లోతుగా ఉన్నా సరే, నమ్మకండి. బ్రేక్ ఆయిల్ తేమని పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ ఘాట్ దిగేటప్పుడు తొందరగా మరుగుతుంది, అప్పుడు పెడల్ లోపలికి పోయి బ్రేక్ సరిగ్గా పడదు. ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే ఇప్పుడే మార్చించండి. నాలుగు చక్రాలనీ ఇంజన్‌తో తిప్పే ఫోర్ వీల్ గేర్‌ని మట్టిలో వేసి చూడండి, తారు రోడ్డు మీద వద్దు, బిగుసుకుపోతుంది. తర్వాత ఒక గంట నడిపి, కిందికి వంగి లీకులు వెతకండి. స్టెప్నీలో గాలి కూడా చూడండి.