పోలీస్ స్టేషన్‌లో లైంగిక వేధింపులు: ముందే ఆపడం, ఫిర్యాదు రాయడం

నేను మహిళా హెడ్‌కానిస్టేబుల్‌ని. ఇది స్టేషన్‌కి కొత్తగా వచ్చే అమ్మాయిల కోసం, స్టేషన్ నడిపే సార్ల కోసం.

మా దగ్గర వేధింపు చాలాసార్లు డ్యూటీ చార్టుతోనే మొదలవుతుంది. మాట వినని అమ్మాయికి వరసగా నైట్ డ్యూటీలు, దూరపు బందోబస్తులు పడతాయి. అందుకే సార్, చార్టు ముందుగానే వేసి గోడకి అంటించండి. మధ్యలో మారిస్తే కారణం రాసి సంతకం పెట్టండి. రోల్‌కాల్‌లో ఎవరైనా వెకిలి మాట అంటే అక్కడే, అందరి ముందే ఆపండి. లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అందరికీ కనబడేచోట పెట్టించండి.

చెల్లెళ్లూ, "డ్యూటీ అయ్యాక ఒకసారి ఫోన్ చెయ్" అని రాత్రి పదకొండింటికి మెసేజ్ వస్తే డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, చాట్ ఫోన్‌లో అలాగే ఉండనివ్వండి. ఎన్ని గంటలకు, ఏ డ్యూటీలో, పక్కన ఎవరున్నారో అదే రోజు రాసుకోండి. జీడీలో (స్టేషన్ జనరల్ డైరీలో) మీ రాకపోకల ఎంట్రీ దానికి బలం.

పోలీసులం కదా, ఏ కాగితమైనా ప్రాపర్ ఛానల్‌లోనే, అంటే పైఅధికారి ద్వారానే పోవాలనుకుంటాం. ఇది అలా పోనక్కర్లేదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం (2013) ప్రకారం ఫిర్యాదు నేరుగా కమిటీకే ఇవ్వొచ్చు. గడువు 3 నెలలు. పదేపదే జరుగుతుంటే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు ఇవ్వొచ్చు. 6 కాపీలు, సాక్షుల పేర్లు, ఆధారాలు జత చేయాలి. "అసభ్యంగా ప్రవర్తించాడు" అని రాసి వదిలేయకండి. స్టేషన్‌కి వచ్చిన బాధితురాలిని మనం ఏమేం అడుగుతామో అవన్నీ రాయండి. అతను అన్న మాట ఎంత చెడ్డదైనా అన్నది అన్నట్టే రాయాలి. ఫిర్యాదు అందినట్టు సంతకం తప్పకుండా తీసుకోండి.

"సర్దుకుపోమ్మా" అని పెద్దలు వస్తారు. మీరు కోరితే తప్ప రాజీ మాటే ఉండకూడదు, డబ్బుతో అసలే కుదరదు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈలోపు మిమ్మల్ని గానీ అతన్ని గానీ బదిలీ చేయమని, లేదా, మీకు 3 నెలల దాకా సెలవు ఇమ్మని కమిటీని రాసి అడగొచ్చు. నా మాటగా చెప్తున్నా, అతన్నే కదపమని అడగండి.

హోంగార్డులకూ ఈ చట్టం వర్తిస్తుంది. కమిటీకి వెళ్లినా క్రిమినల్ కేసు పెట్టే హక్కు పోదు. అది బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 75 కింద పెట్టొచ్చు. మీ స్టేషన్‌లో ఇవ్వడానికి భయమైతే ఇంకో స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదయ్యేది) ఇవ్వండి.