మతిమరుపు చార్టు, 4వ పాఠం: జంట గీత తల మీదుందా, పక్కనుందా

పోయిన పాఠంలో ఇంట్లో ఎవరెవరికి మతిమరుపు జబ్బొచ్చిందో చూపించే మూడు తరాల చార్టు గీయమంటే చాలామందే గీసి ఫోటోలు పంపారండి, అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచే ఎక్కువొచ్చాయి. ఇవాళ ఆ జబ్బు ముప్పుతో ముడిపడ్డ ట్రెమ్2 అనే జీన్‌తో మొదలెట్టాలి. కానీ ఆ ఫోటోలన్నీ చూశాక ఒక సంగతి తేల్చకుండా ముందుకెళ్లేది లేదు, ఎందుకంటే సగానికి పైగా జనం ఒక్క చోటే జారిపడ్డారు, మేనరికం దగ్గర.

ఒకావిడ చార్టు చూడండి. వాళ్లమ్మగారికి 72 ఏళ్లు. చేపల పులుసులో ఉప్పేసి, గరిటె కడిగి పక్కన పెట్టి, రెండు నిమిషాలాగి మళ్లీ ఉప్పు డబ్బా మూత తీస్తున్నారట, ఎవరైనా చెయ్యి పట్టుకుంటే "నేనెప్పుడేశానే?" అంటున్నారట. చార్టులో అమ్మకీ నాన్నకీ మధ్య జంట గీత ఉంది (రక్తసంబంధంలో పెళ్లయితే అలా గీస్తాం), ఆయన ఆవిడకి సొంత మేనత్త కొడుకు. పక్కనే ఎర్ర ఇంకుతో "మేనరికం వల్లే అమ్మకిలా అయ్యింది, తమ్ముడికి మావయ్య కూతురి సంబంధం వచ్చింది, వద్దనేస్తున్నాం" అని రాశారు.

అమ్మా, ఆగండి. మీ అమ్మగారు ఎవర్ని పెళ్లి చేసుకున్నారన్నది ఆవిడ జీన్స్‌ని మార్చదు. అవి ఆవిడ పుట్టకముందే ఖాయమైపోయాయి, ఒక కాపీ వాళ్లమ్మది, ఒక కాపీ వాళ్ల నాన్నది. కాబట్టి ఆవిడ జబ్బు గురించి అడుగుతున్నప్పుడు చూడాల్సింది ఆవిడ తల మీదున్న గీత, అంటే మీ అమ్మమ్మకీ తాతయ్యకీ మధ్య ఉన్న గీత. ఆవిడ పక్కనున్న గీత మీ గురించి, మీ తమ్ముడి గురించి చెప్తుంది, అంతే.

ఇంకో చార్టులో నాన్నగారికి జబ్బు, ఆయన చేసుకున్నది మరదల్ని, కానీ ఆయన అమ్మానాన్నలది బయట సంబంధం. ఆయన తల మీద జంట గీత లేదు, మేనరికం మాట అక్కడితో కొట్టేయండి. వేరొకరింట్లో పెద్దమ్మకి జబ్బొచ్చింది, పిన్నికి రాలేదు. పెద్దమ్మది మేనరికం, పిన్నిది బయట సంబంధం, చూశారా తేడా అని రాశారు. అక్కాచెల్లెళ్లిద్దరి తల మీదా ఉన్నది ఒకటే గీత కదండీ, తేడా ఎక్కడుంది? మరొకరైతే దత్తతెళ్లిన తాతయ్యని దత్తత తల్లిదండ్రుల కింద గీశారు. ఆస్తి కాగితాలకి అది కరెక్టే, ఈ చార్టులో మాత్రం కన్నవాళ్ల కిందే గీయాలి, దత్తత ఇంటికి చుక్కల గీత లాగండి. దీని మీద ఇంతసేపు ఉంటున్నానంటే కారణం ఉంది, ఈ ఒక్క గీత తప్పు చదివి మన వైపు సంబంధాలు చెడగొట్టుకుంటున్నారు, జబ్బు పడ్డ పెద్దావిడ మీదకి నెపం తోసేస్తున్నారు. పుట్టబోయే పిల్లల ఆరోగ్యం కోసం మేనరికం గురించి డాక్టర్‌ని అడిగితే అది వేరే సంగతి, అడగాల్సిందే. డెబ్బై దాటాక వచ్చిన మతిమరుపుని మాత్రం దానికి సాక్ష్యంగా చూపించకండి.

సరే, తల మీద జంట గీత ఉంటే ఏమవుతుంది? మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే, వాళ్లకి పుట్టిన బిడ్డలో ఏదైనా ఒక జీన్ రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవయ్యే అవకాశం 1/16. మేనమామ, మేనకోడలు అయితే 1/8. ఒక్క కాపీ పాడైతే ఏమీ కాకుండా, రెండూ పాడైతేనే బయటపడే జబ్బులకి ఇది ముఖ్యం.

ఇక్కడే ట్రెమ్2 వస్తుంది. మెదడులో మైక్రోగ్లియా అనే కణాలున్నాయి, మెదడుకి సొంత రోగనిరోధక కణాలు, 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త రియో ఓర్తెగా వీటిని విడిగా గుర్తించాడు. పిండం దశలోనే బయట నుంచి మెదడులోకి వచ్చి స్థిరపడిపోతాయి. ఇవి చేసే పని మన కాలువల్లో గుర్రపుడెక్క తీసే మనుషుల పనే, నీళ్లు కదలాలంటే వాళ్లు దిగాలి, తీయలేనంత పెద్ద గుంపైతే చుట్టూ చేరి దగ్గరికి నొక్కి పాకకుండా ఆపాలి. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముద్దల చుట్టూ మైక్రోగ్లియా చేరి సరిగ్గా అదే చేస్తాయి. అక్కడ ముద్ద ఉందని, చచ్చిన కణాల కొవ్వు ఉందని పసిగట్టే సెన్సర్ ట్రెమ్2. దాని సిగ్నల్‌ని కణం లోపలికి అందించే జోడీ టైరోబీపీ.

2012లో ఐస్‌లాండ్ టీము ఒకటీ, వేరే దేశాల టీము ఒకటీ విడివిడిగా ఒకే సంగతి బయటపెట్టాయి, ట్రెమ్2లో 47వ చోట ఒక్క అమైనో ఆమ్లం మారితే, అదీ ఒక్క కాపీలోనే మారితే, అల్జీమర్స్ ముప్పు దాదాపు మూడు రెట్లవుతుందని. ఈ మార్పు చాలా అరుదు. సెన్సర్ మొద్దుబారితే మైక్రోగ్లియా ముద్ద చుట్టూ సరిగ్గా చేరలేవు, పక్కనున్న నరాల కొసలు దెబ్బతింటాయి.

అదే ట్రెమ్2, లేదా టైరోబీపీ, రెండు కాపీలూ పాడైతే నాసు-హకోలా అనే జబ్బు. ఇరవైల్లో చీలమండలు, మణికట్లు నొప్పి, చిన్న దెబ్బకే ఎముక విరగడం, ముప్పైల్లో ప్రవర్తన మారడం, నలభైల్లో డిమెన్షియా, అంటే మతి పోవడం. ఎముకని కరిగించి సరిచేసే కణాల్లోనూ ఈ జీన్లే పనిచేస్తాయి, అందుకే ఎముకా మెదడూ కలిసి దెబ్బతింటాయి. తల మీద జంట గీత చూసి భయపడాల్సిన బొమ్మ ఇలా ఉంటుంది, 72 ఏళ్లకి ఉప్పు మర్చిపోవడంలా కాదు.

అల్జీమర్స్ ముప్పుతో ముడిపడ్డ ఇంకో జీన్, అపోఈ (APOE) సంగతి పోయినసారే చెప్పాను కాబట్టి ఒక్క మాటే. ఆ జీన్ తయారుచేయించే ప్రోటీన్ కొవ్వుని మోస్తుంది, ట్రెమ్2కి అతుక్కుంటుంది కూడా, అందుకే ఈ రెండు జీన్లనీ నేను ఒకే పేజీలో రాసుకుంటాను. అపోఈలో ఈ4 (E4) అనే రకం ఉంటే ముప్పు పెరుగుతుంది, రెండు కాపీలుంటే బాగా పెరుగుతుంది, అయినా ఈ4 ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, లేనివాళ్లకీ వస్తుంది. పెళ్లిచూపుల్లో ఈ జీన్ పరీక్ష రిపోర్టు అడగొచ్చా అని ముగ్గురు నలుగురు అడిగారు. అడగొద్దు. పాతికేళ్ల పిల్ల డెబ్బయ్యో ఏట ఎలా ఉంటుందో ఆ కాగితం చెప్పలేదు.

నేనైతే చార్టు చూడగానే మొదట వయసు చూస్తాను, మొదలైన వయసు, పోయిన వయసు కాదు. అందరికీ 65 దాటాకే మొదలైతే ఒకే జీన్ వల్ల తరతరాలా దిగే అరుదైన రకం దాదాపు ఉండదు. వరసగా రెండు తరాల్లో యాభైలోపే మొదలైతే ఇంట్లో కూర్చుని లెక్కలేయకుండా న్యూరాలజిస్టు దగ్గరికి ఆ చార్టు పట్టుకెళ్లండి. ఇంకోటి, మతిమరుపు ఉన్నవాళ్లకి నల్లరంగు నింపిన గడులన్నీ అల్జీమర్స్ కాదు. పక్షవాతం వచ్చాక మతి పోయినవాళ్లది రక్తనాళాల కథ, వాళ్లకి గడి సగమే నింపండి. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు వస్తుంది, అది తగ్గించగలిగింది, ముందు ఆ రక్తపరీక్ష చేయించండి. ఆ ఉప్పు డబ్బా అమ్మగారికి కూడా నేను మొదట రాసిన జవాబు అదే.

అభ్యాసం. చార్టు మళ్లీ గీయండి, పెన్సిల్‌తో, యాప్‌లో వద్దు, చెరిపేది చాలా ఉంటుంది. ఈసారి అమ్మమ్మ, నానమ్మల తోబుట్టువులందర్నీ ఎక్కించాలి. జబ్బున్న ప్రతి మనిషి పక్కనా మొదలైన వయసు, మొట్టమొదట తేడా కనిపించిన పని (వంటా, డబ్బు లెక్కా, దారి తప్పడమా, కోపమా), బీపీ, షుగర్, చెవుడు, పక్షవాతం, చిన్నవయసులో ఎముకలు విరగడం, ఇవన్నీ రాయాలి. తల మీద జంట గీత ఉన్నవాళ్ల చుట్టూ సున్నా చుట్టండి, పక్కన మాత్రమే ఉన్నవాళ్లని వదిలేయండి. వయసు తెలీకపోతే ఊహించి రాయొద్దు, దొడ్డమ్మలకీ మేనత్తలకీ ఫోన్ చేసి "పుష్కరాలకి ముందా తర్వాతా, ఎవరి పెళ్లప్పటికి బానే ఉన్నారు" అని అడగండి, వాళ్లకి సంవత్సరాలు గుర్తుండవు గానీ పెళ్లిళ్లు గుర్తుంటాయి. ఎంత లేదన్నా పది పదిహేను రోజులు పడుతుంది. అయ్యాకే అయిదో పాఠానికి రండి, అందులో చెవుడుతో మొదలెడతాను.