షేర్‌వేర్‌తో హోమ్ లోన్ లెక్క: డబ్బు కట్టే ముందు ఎలా పరీక్షించాలి?

నిజాంపేటలోనో, ఉప్పల్‌లోనో ఫ్లాట్ నచ్చిందనుకోండి. లోన్‌కు వెళ్లే ముందే ఈఎంఐ లెక్క చేతిలో ఉంటే బ్యాంకులో ధైర్యంగా మాట్లాడొచ్చు. ఈ లెక్కలు వేసే షేర్‌వేర్ ప్రోగ్రాములు కొన్నాళ్లు ఉచితంగా వాడుకోనిచ్చి, ఆ తర్వాత లైసెన్సుకు డబ్బు అడుగుతాయి. ఆ ఉచిత గడువులోనే దాన్ని గట్టిగా పరీక్షించాలి.

తయారు చేసినవాళ్ల సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. లెక్కకు అసలు (అంటే అప్పుగా తీసుకునే మొత్తం), వడ్డీ రేటు, నెలలు చాలు. పాన్, ఆధార్ నంబర్లు అడిగితే ఆ ప్రోగ్రామును వెంటనే తీసేయండి.

ముందు అసలు ఎంతో తేల్చుకోండి. లోన్ 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే, రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరు. అంటే 65 లక్షల ఫ్లాట్‌కు గరిష్ఠంగా 52 లక్షలు. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఈ విలువలో కలపరు. ఆ డబ్బు విడిగా సిద్ధం చేసుకోవాలి.

ఇప్పుడు 50 లక్షలు, 8.5 శాతం, 240 నెలలు అని ఇవ్వండి. ఈఎంఐ 43,391 రూపాయలు రావాలి. 42,900 దగ్గర వస్తే వడ్డీని ఆరు నెలలకోసారి అసలులో కలుపుతోందన్నమాట. కెనడాలో ఆ పద్ధతి ఉంది, మన బ్యాంకులు నెలవారీ లెక్కిస్తాయి. సెట్టింగ్స్‌లో నెలవారీ అని మార్చి చూడండి. అనుమానం తీరకపోతే ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ కాల్క్ అనే స్ప్రెడ్‌షీట్‌లో, ఈఎంఐ లెక్కగట్టే పీఎంటీ (PMT) ఫంక్షన్‌తో సరిచూసుకోండి. అక్కడ వార్షిక వడ్డీని 12తో భాగించి ఇవ్వడం మరవద్దు.

ఈఎంఐ ఒక్కటే చూసి ఆగిపోకండి, నెలవారీ పట్టిక తెరవండి. మొదటి నెల కట్టే దానిలో 35,417 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 7,974 మాత్రమే. 20 ఏళ్లలో వడ్డీయే 54 లక్షలు దాటుతుంది. ఈ పట్టిక మొత్తం చూడకుండా ఎవరూ సంతకం పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ట్రయల్ వెర్షన్ కొన్ని నెలలే చూపిస్తే, కాల్క్‌లో మీరే తయారు చేసుకోండి. అదేం కష్టం కాదు.

చివరి పరీక్ష ముందస్తు చెల్లింపు. మొదటి ఏడాది చివర 2 లక్షలు అదనంగా కట్టినట్టు వేసి, ఈఎంఐ మార్చకండి. గడువు సుమారు 21 నెలలు తగ్గాలి. ఫ్లోటింగ్ రేటు (మధ్యలో మారే వడ్డీ) ఇంటి లోన్‌పై వ్యక్తులకు ఇందుకు జరిమానా ఉండదు కాబట్టి, బోనస్ వచ్చిన ఏడాది ఈ లెక్క బాగా పనికొస్తుంది. మధ్యలో వడ్డీ రేటు మార్చే వీలుందో లేదో కూడా చూడండి. రేటు పెరిగినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అన్నది మీరు ఎంచుకునే అవకాశం ఇవ్వాలని 2023లో రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చెప్పింది. రెండూ వేసి చూపించలేని ప్రోగ్రాముకు డబ్బు పెట్టకండి.